లోహం ఎటు పోయింది? చిల్లర బిళ్ళల మీద కిలుం, దెబ్బ, టంకశాల తప్పు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏ కిరాణా కొట్టయినా సరే, రాత్రి కొట్టు కట్టే వేళ గల్లాపెట్టెలో చిల్లర బల్ల మీద కుమ్మరిస్తే నాలుగైదు వింత బిళ్ళలు బయటపడతాయి. ఐదు రూపాయల బిళ్ళ ఒకటి తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తుంటే పక్కది బెల్లం పాకం రంగులో ఉంటుంది. రెండు రూపాయల బిళ్ళ మీద సంవత్సరంలో చివరి అంకె కనిపించదు. ఇంకో రూపాయికి అంచు దగ్గర చంద్రవంకలా ముక్క లేదు. పది రూపాయల బిళ్ళలో నడిమి ముక్క ఓ పక్కకి ఒరిగినట్టు ఉంటుంది. ఇవన్నీ ఇప్పుడు జనం నోట ఒకే మాటలో కలిసిపోయాయి: ఎర్రర్ కాయిన్.

నిజానికి ఇవి మూడు వేరు వేరు సంగతులు. కిలుం పట్టి రంగు మారడం ఒకటి, టంకశాల దాటాక తగిలిన దెబ్బ ఇంకొకటి, అచ్చు పడేటప్పుడే జరిగిన పొరపాటు మూడోది. నాణేలు సేకరించేవాళ్ళు డబ్బు పెట్టేది ఎక్కువగా మూడోదానికే. మొదటిదానికి ఎప్పుడో ఒకసారి, అదీ పాత వెండి మీద. రెండోదానికి పెట్టరు. పైగా దెబ్బ తిన్న బిళ్ళ మామూలు బిళ్ళకన్నా తక్కువ లెక్క.

మూడింటినీ విడదీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ప్రతి బిళ్ళనీ ఒక్క ప్రశ్న అడగాలి: లోహం ఎటు పోయింది? అచ్చు పడ్డాక బిళ్ళ మీద కొత్తగా లోహం పుట్టదు. కిలుం పట్టిన చోట లోహం జరగదు, పైన సన్నటి పొర మాత్రం కడుతుంది. దెబ్బ తగిలితే లోహం గుంటపడి, ఆ గుంట పక్కనే గట్టులా లేస్తుంది, లేకపోతే అరిగి పోతుంది. టంకశాల తప్పులో లోహం అచ్చు దారి ఇచ్చిన వైపే పారుతుంది, దారి ఇవ్వని చోట ఆగిపోతుంది. ఆ పారకం ఒకసారి కంటికి అలవాటయితే ఫోనులో వచ్చే వీడియోలు సగం నవ్వు తెప్పిస్తాయి.

బిళ్ళ ఎలా పుడుతుంది

రేకు చుట్టలోంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కోస్తారు. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు, అంచుని కొంచెం పైకి లేపుతారు. తర్వాత బొమ్మ అచ్చుకీ బొరుసు అచ్చుకీ మధ్య ఉంచి ఒక్క దెబ్బతో నొక్కుతారు. ఆ క్షణంలో బిళ్ళ చుట్టూ ఉక్కు కట్టు ఒకటి ఉంటుంది. దాన్ని కాలర్ అంటారు. లోహం పక్కలకి పారిపోకుండా ఆపేది, అంచు మీద సన్నటి నిలువు గీతలు దిద్దేది అదే.

దేశంలో నాణేలు ముద్రించే టంకశాలలు నాలుగు: ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. ఈ మధ్య కాలం బిళ్ళల మీద సంవత్సరం కింద చూస్తే ముంబైది వజ్రం గుర్తు, హైదరాబాద్‌ది నక్షత్రం, నోయిడాది గుండ్రటి చుక్క. కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు. ఇది ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది. నోయిడా చుక్కని చూసి అచ్చు విరిగి లోహం ముద్ద కట్టిందని అనుకునేవాళ్ళు, కోల్‌కతా బిళ్ళని చూసి గుర్తు పడని బిళ్ళ దొరికిందని సంబరపడేవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్ టంకశాల పూర్వం చీలిన వజ్రం, మధ్యలో చుక్క ఉన్న వజ్రం కూడా వాడింది. అవీ తప్పులు కావు.

కిలుం, రంగు

ఏ రంగు దేనివల్ల వచ్చిందో తెలియాలంటే ముందు బిళ్ళ ఏ లోహమో తెలియాలి. ఇప్పుడు చేతులు మారుతున్న రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటిలో సుమారు 17 శాతం క్రోమియం ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటాయి. 2009 నుంచి వస్తున్న పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ నికెల్ కలిసిన ఇత్తడి: రాగి 75, జింకు 20, నికెల్ 5 శాతం. అంతకు ముందు బరువైన తెల్ల ఐదు రూపాయలు, పదకొండు పలకల రెండు రూపాయలు రాగి, నికెల్ కలిపినవి. వీటికి అయస్కాంతం పట్టదు.

సరవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు సామాను చేసేవాళ్ళకి రాగి, జింకు కలిసిన లోహం ఎండకీ గాలికీ ఎలా మారుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త చెంబు పచ్చగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ తేనె రంగు, తర్వాత గోధుమ రంగు, చెమ్మ తగిలే చోట పచ్చటి చిలుం. ఐదు రూపాయల బిళ్ళ కూడా అదే దారిలో నడుస్తుంది. బెల్లం రంగు ఐదు రూపాయల బిళ్ళలో విశేషం ఏమీ లేదు, చెంబుకి పట్టిన కిలుమే దానికీ పట్టింది.

విశేషం అనిపించేది ఎర్రటి ఐదు రూపాయల బిళ్ళ. "రాగి బిళ్ళ మీద పొరపాటున కొట్టేశారు" అని చెప్పి అమ్మజూపేది దీన్నే. చాలాసార్లు సంగతి వంటింట్లో ఉంటుంది. ఇత్తడిని చింతపండు రసంలోనో నిమ్మరసంలోనో చాలాసేపు నానబెడితే పులుపు ముందు జింకుని లాగేస్తుంది. పైన మిగిలేది రాగి. అందుకే ఎక్కువగా తోమిన ఇత్తడి పళ్ళెం మీద గులాబీ రంగు మచ్చలు పడతాయి. బిళ్ళ మీద పడ్డా అంతే. భూతద్దం కింద చూస్తే ఆ ఎరుపు ఒకే తీరుగా ఉండదు. అక్షరాల సందుల్లో ఒకలా, ఎత్తైన చోట ఒకలా ఉంటుంది, ఉపరితలం గరుకుగా కనిపిస్తుంది. మట్టిలో ఏళ్ళ తరబడి ఉన్న రాగి-నికెల్ బిళ్ళలు కూడా ఎర్రబారతాయి. నాగావళి, వంశధార వరద తీసిన తర్వాత పొలం గట్ల మీద దొరికే పాత అర్ధరూపాయిలు కొన్ని ఈ రకమే.

స్టీలు బిళ్ళ కథ వేరు. క్రోమియం వల్ల పైన కంటికి కనిపించని గట్టి పొర ఏర్పడి లోపలి ఇనుముని కాపాడుతుంది. కాబట్టి మామూలుగా స్టీలు రూపాయి రంగు మారదు. ఒక స్టీలు రూపాయి నెమలి పింఛం రంగుల్లో, నీలం, ఊదా, గడ్డి పసుపు పట్టీలుగా కనిపించిందంటే అది నిప్పు చూసిందని అర్థం. పొయ్యిలోనో, భోగి మంట బూడిదలోనో, దేవుడి గదిలో దీపం సెగకో కాలి ఉంటుంది. వేడికి ఆ పొర మందమయ్యేకొద్దీ రంగు మారుతుంది. టంకశాలకి దీంతో సంబంధం లేదు.

కానీ ఉప్పుకి మాత్రం స్టీలు కూడా లొంగుతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ తీరాల్లో చేపల బేరాల తడి చేతుల్లో తిరిగే బిళ్ళల మీద, నౌపడ ఉప్పు మళ్ళ వైపు చిల్లర మీద సన్నటి సూది గుంటలు, వాటి చుట్టూ గోధుమ రంగు మచ్చ కనిపించవచ్చు. ఉప్పులోని క్లోరైడు ఆ కాపలా పొరని అక్కడక్కడ పొడిచి లోపలికి దూరుతుంది. ఈ గుంటలు చూసి "బిళ్ళలో గాలి బుడగలు" అనుకోకూడదు. నిజంగా రేకులో లోపం ఉంటే పొర లేచి ఉల్లిపొరలా విడుతుంది, లేకపోతే బొబ్బలా ఉబ్బుతుంది. గుంటలో తుప్పు మాత్రం ఉండదు.

ఉప్పు అసలు ప్రతాపం రాగి, కంచు బిళ్ళల మీద చూడాలి. తాతల నాటి కాణీలు, 1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పటి నయా పైసలు సముద్రం దగ్గరి ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో ఉంటే కొన్నిటి మీద లేత ఆకుపచ్చ పొడి వస్తుంది. గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగా అంటుకుని ఉన్న చిలుం వల్ల ప్రమాదం తక్కువ. పొడిగా రాలుతూ, దులిపినా మళ్ళీ వచ్చే లేత పచ్చదనమే చెడ్డది. రాగి క్లోరైడు, గాలిలో చెమ్మ, ఆక్సిజన్ కలిసి లోహాన్ని తింటూ పోతాయి, గుంటలు పడతాయి. అలాంటి బిళ్ళని మిగతావాటి నుంచి వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ కొన్నాళ్ళు నానబెట్టి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో ఉంచాలి. కొళాయి నీళ్ళు పనికిరావు, వాటిలోనూ క్లోరైడు ఉంటుంది.

ఇక వెండి. బ్రిటిష్ కాలం రూపాయి 11.66 గ్రాములు, చాలాకాలం అందులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. యుద్ధ కాలంలో, 1940 నుంచి, సగానికి తగ్గించారు. 1947 రూపాయిలో వెండి లేనే లేదు, నికెల్ మాత్రమే, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. వెండి బిళ్ళని గాలిలోని గంధకం పట్టుకుంటుంది. మొదట లేత బంగారు రంగు, తర్వాత ఎర్ర గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. నీళ్ళ మీద నూనె చుక్క రంగులు ఎందుకు పూస్తుందో ఇదీ అందుకే: పొర మందాన్ని బట్టి వెలుతురులో కొన్ని రంగులు నిలుస్తాయి, కొన్ని పోతాయి. కాగితం పొట్లంలోనో, రబ్బరు బ్యాండు చుట్టిన కట్టలోనో ఉన్న వెండి మీద ఈ రంగులు వస్తాయి. రబ్బరులోనూ గంధకం ఉంటుంది.

ఏళ్ళ మీద వచ్చిన రంగులు ఒకదాన్లోంచి ఒకటి మెల్లగా కరిగినట్టు ఉంటాయి. వరస తప్పవు. గంధకం పూసి, వేడి చేసి రాత్రికి రాత్రి తెప్పించిన రంగు ఎత్తైన చోటా గుంటల్లోనూ ఒకేలా పులుముకుని, గీతల్లోకి కూడా దిగి ఉంటుంది. అసలు వరస లేకుండా నీలం పక్కనే పసుపు దూకుతుంది. నలుపు మీద పాత గీతలు తెల్లగా మెరుస్తుంటే తోమినదని, గీతలు కూడా నల్లబడి ఉంటే చాలాకాలం కిందటి గాయమని చెప్పొచ్చు.

తోమడం గురించి ఇక్కడే అనేయాలి. మన ఇళ్ళలో లోహం అంటే మెరవాలి. శుక్రవారం వస్తే ఇత్తడి సామాను, పండగ వస్తే దేవుడి గదిలో బిళ్ళలు కూడా చింతపండుకి దొరికిపోతాయి. చెంబుకి మంచిదే. బిళ్ళకి మాత్రం చర్మం వలిచినట్టు. పొందూరు ఖద్దరు ముక్క ఎంత మెత్తగా ఉన్నా రుద్దితే సన్నటి గీతలు పడతాయి, అవి వెలుతురులో ఒకే వైపు వెంట్రుకల్లా మెరుస్తాయి. పసుపు, కుంకుమ మరకలున్న బిళ్ళని నీళ్ళలో నానబెట్టి, అద్ది ఆరబెడితే చాలు. మరక మిగిలితే మిగలనీ.

దెబ్బ

దెబ్బల జాబితా ఎంత రాసినా తరగదు. జనం బుర్ర ఎన్ని విధాల పనిచేస్తుందో అన్ని విధాల దెబ్బలు ఉంటాయి.

ఆమదాలవలస, విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల్లో పట్టాల పక్కన పెరిగినవాళ్ళకి రైలు కింద పెట్టిన పైసా తెలిసే ఉంటుంది. అది చేయకూడని పని, ప్రాణానికే ముప్పు. అయినా అలా చదునైన బిళ్ళలు ఇళ్ళలో ఇంకా ఉన్నాయి, కొన్ని ఎర్రర్ పేరుతో బేరానికీ వస్తున్నాయి. టంకశాలలో కాలర్ జారిపోయి వెడల్పుగా పారిన బిళ్ళకీ దీనికీ తేడా ఏమిటి? బరువు చూసి లాభం లేదు, రెండింటిలోనూ లోహం పోలేదు కాబట్టి బరువు అంతే ఉంటుంది. చూడాల్సింది అక్షరాల్ని. కాలర్ లేకుండా అచ్చు పడ్డ బిళ్ళలో అక్షరాలు పదునుగా, తమ ఆకారంలో ఉంటాయి, వాటి బయట ఖాళీ అంచు మాత్రం వెడల్పవుతుంది, అంచు మీద నిలువు గీతలు ఉండవు. రైలు కింద నలిగినదాంట్లో అక్షరాలే సాగి, పిండిలో వేలు పెట్టినట్టు ఒక వైపు లాగి ఉంటాయి.

ఆమ్లంలో వేసిన బిళ్ళ ఇంకో మాయ. బయట కొలత దాదాపు అదే, కానీ పలచగా, తేలిగ్గా ఉంటుంది. అక్షరాలు చువ్వల్లా సన్నబడతాయి. పలచటి రేకు మీద కొట్టారని అమ్ముతారు. నిజంగా పలచటి రేకు మీద అచ్చు పడితే అక్షరాల మధ్య భాగాలు సరిగా నిండకపోవచ్చు, ఉన్న అక్షరాలు మాత్రం మామూలు మందంలోనే ఉంటాయి. ఆమ్లం అన్ని వైపుల నుంచీ ఒకేలా తింటుంది. ఉపరితలం పంచదార చల్లినట్టు కనిపిస్తుంది.

నదుల్లో వేసిన బిళ్ళల్ని తాడుకి అయస్కాంతం కట్టి తీసే పిల్లలు ఉంటారు. వాళ్ళకి దొరికేవి దాదాపు అన్నీ స్టీలు బిళ్ళలే, రాగి-నికెల్, ఇత్తడి బిళ్ళలు అలా పైకి రావు. ఇసుకలో దొర్లి దొర్లి ఆ స్టీలు బిళ్ళలు మసకబారి, అక్షరాలు మెత్తబడి ఉంటాయి. సరిగా నొక్కుకోని అచ్చులా కనిపిస్తాయి. ఇసుక మాత్రం ఎవరినీ వదలదు: అంచు, అక్షరం, ఖాళీ స్థలం అన్నీ ఒకేలా అరుగుతాయి. అచ్చు సరిగా పడని బిళ్ళలో బలహీనమైన అక్షరం పక్కన ఖాళీ స్థలం మెరుపు తగ్గకుండా ఉంటుంది.

చిల్లుల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. 1943 నుంచి 1947 వరకు వచ్చిన కంచు కాణీకి నడుమ చిల్లు ఉంటుంది. యుద్ధ కాలంలో లోహం పొదుపు చేయడానికి అలా వేశారు. కాబట్టి ఆ చిల్లు దెబ్బా కాదు, తప్పూ కాదు, నమూనాలోనే ఉంది. చిల్లు చుట్టూ చక్కటి గట్టు ఉంటుంది. ఆ చిల్లు బాగా పక్కకి జరిగి నమూనాని తినేస్తే అది టంకశాల తప్పు. అల్యూమినియం అయిదు పైసలు, పది పైసలకి చిల్లు ఉంటే అది ఎవరో మేకుకి వాషర్‌గా వాడినది, లేకపోతే మొలతాడుకి కట్టినది. అలాంటి చిల్లుకి ఒక వైపు లోహం లోపలికి వంగి, రెండో వైపు ముళ్ళలా లేస్తుంది. సీతంపేట ఏజెన్సీ వైపు ఒకప్పుడు వేసుకున్న రూపాయల దండల్లోంచి విడిపోయిన వెండి రూపాయల పై అంచున కొక్కెం అతికిన మచ్చ ఉంటుంది. ఎంత నున్నగా చెక్కినా ఆ చోట రంగు తేడా పోదు. అలాంటి రూపాయికి వెండి విలువ ఉంటుంది, దండ జ్ఞాపకం ఉంటుంది, సేకరణ విలువ మాత్రం పడిపోతుంది.

ఇంకొకటి పాదరసం. పూర్వం పిల్లలు రాగి పైసాని పాదరసంతో రుద్ది వెండిలా చేసేవారు. అలాంటి తెల్ల కాణీ ఇప్పటికీ ఏ డబ్బాలోనైనా దొరికితే, అది వేరే లోహం మీద పడ్డ అచ్చు అనుకోకుండా చేతులు కడుక్కోవడం మంచిది. పాదరసం విషం.

టంకశాల తప్పు

అచ్చులో నమూనా తిరగేసి, లోతుగా చెక్కి ఉంటుంది. అచ్చులో గుంట బిళ్ళ మీద గట్టు అవుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే పనైపోతుంది. అచ్చు బీటలిస్తే ఆ బీటలోకి లోహం దూరి బిళ్ళ మీద ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. బిళ్ళ మీద గీత లోపలికి ఉంటే అది గోటి గీతో, మేకు గీతో, మరేదో. వేలి కొసతో తడిమితేనే తేడా తెలుస్తుంది. అచ్చు అంచున ముక్క ఊడిపోతే ఆ చోట బిళ్ళ మీద నమూనా లేని నున్నటి లోహపు దిబ్బ కనిపిస్తుంది.

అచ్చు గుంటల్లో గ్రీజు, మురికి చేరితే లోహం లోపలికి వెళ్ళదు. అక్షరమో, అంకెయో మాయమవుతుంది. గల్లాపెట్టెలోని రెండు రూపాయల బిళ్ళ మీద పోయిన అంకె ఇలాంటిదా, ఎవరో ఆకురాయితో గీకారా? దీపం వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి చూడాలి. గీకిన చోట చిన్న పల్లం, గీతలు ఉంటాయి. గ్రీజు నిండిన చోట పల్లం ఉండదు, చుట్టూ ఉన్న చదునుతో సమంగా, అదే మెరుపుతో ఉంటుంది. చాలాసార్లు అంకె నీడ కూడా కనిపిస్తుంది. ఇది మామూలు తప్పు, తరచూ దొరుకుతుంది. దీనికి లక్షలు అనేవాడి మాట నమ్మనక్కర్లేదు.

మన బిళ్ళల్లో బాగా కనిపించే ఇంకో తప్పు అచ్చు తిరగడం. బిళ్ళని సింహాల బొమ్మ నిటారుగా ఉండేలా పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పితే బొరుసు కూడా నిటారుగానే రావాలి. కొంచెం వాలి వస్తే పట్టించుకునేవాళ్ళు తక్కువ. పూర్తిగా అడ్డంగానో, తలకిందులుగానో వస్తే దాచుకోవచ్చు. దీన్ని ఎవరూ ఇంట్లో తయారుచేయలేరు, రెండు బిళ్ళల్ని సగానికి అరగదీసి అతికిస్తే తప్ప. ఆ అతుకు అంచు మీద సన్నటి గీతగా దొరికిపోతుంది.

చంద్రవంకలా ముక్క తగ్గిన రూపాయి ఉంది కదా. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు కోత యంత్రం అంతకుముందు కోసిన రంధ్రం మీదకి కొంచెం ఎక్కితే ఇలా వస్తుంది. కానీ కటింగ్ ప్లేయర్‌తో కోసినా ఇలాగే కనిపించవచ్చు. ఇక్కడ మంచి సాక్ష్యం ఒకటి ఉంది, అది ముక్క పోయిన చోట ఉండదు, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచులో ఉంటుంది. అంచుని లేపే యంత్రంలో బిళ్ళ రెండు వైపులా నొక్కుకోవాలి. ఒక వైపు ముక్క లేకపోతే ఎదురు వైపుకి ఒత్తిడి అందదు. అందుకే అసలు తప్పయిన బిళ్ళలో చాలావాటికి ఎదురు అంచు పలచగా, బలహీనంగా ఉంటుంది. ముక్క పోయిన చోటు దగ్గర అక్షరాలు కూడా కొంచెం ఆ వైపు పారి, సన్నబడి ఆగుతాయి. తర్వాత కోసినదాంట్లో అక్షరం కత్తితో తెగినట్టు తెగుతుంది, ఎదురు అంచు చెక్కుచెదరదు.

అచ్చు పక్కకి పడ్డ బిళ్ళలో ఒక వైపు నమూనా తెగిపోయి, రెండో వైపు ఖాళీ చంద్రవంక మిగులుతుంది. ఆ ఖాళీ చోట అచ్చు తగలలేదు కాబట్టి అక్కడ ఉన్నది ఖాళీ బిళ్ళ మొదటి చర్మం. ఆకురాయి గీతలు కనిపిస్తే వదిలేయడమే.

ఒక్కోసారి కొట్టిన బిళ్ళ పై అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాత వచ్చిన ఖాళీ బిళ్ళకి అచ్చుకి బదులు ఆ అంటుకున్న బిళ్ళే తగులుతుంది. అప్పుడు రెండు వైపులా ఒకే బొమ్మ వస్తుంది, ఒక వైపు మామూలుగా, రెండో వైపు అద్దంలో చూసినట్టు తిరగేసి, లోపలికి. సేకరించేవాళ్ళు దీన్ని బ్రొకేజ్ అంటారు, బాగా ఇష్టపడతారు. ఇష్టం ఉన్న చోట మోసం ఉంటుంది. రెండు బిళ్ళల్ని బెంచి వైసులో బిగించి తిప్పినా తిరగేసిన బొమ్మ పడుతుంది. కానీ కింద పాత నమూనా పూర్తిగా చావదు, తిరగేసిన అక్షరాల సందుల్లోంచి తొంగి చూస్తుంది. వైసు దవడ తగిలిన వైపు ఎత్తైన భాగాలు చదునై మెరుస్తాయి.

జంట గీతల అక్షరాలు చూసి మోసపోయేవాళ్ళు చాలామంది. అచ్చులోనే నమూనా రెండుసార్లు పడితే రెండో గీత కూడా గుండ్రంగా, మొదటిదానంత ఎత్తుగా ఉంటుంది. అచ్చు వదులై కొట్టాక కొంచెం జారితే అక్షరం పక్కన చదునైన మెట్టులాంటిది మిగులుతుంది. రెండోది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, విలువ లేదనే చెప్పాలి.

పది రూపాయల బిళ్ళ, అనుమానాలు

ఉత్తరాంధ్రలో పది రూపాయల బిళ్ళ పడ్డ కష్టం ఇంకే బిళ్ళా పడలేదేమో. బిళ్ళ మీద కిరణాల్లాంటి గీతలు పది ఉంటే మంచిది, పదిహేనుంటే దొంగది అని ఒక పుకారు. రూపాయి గుర్తు లేనిది చెల్లదని ఇంకో పుకారు. ఆ గుర్తు వచ్చిందే 2010లో, అంతకు ముందు బిళ్ళల మీద ఎలా ఉంటుంది? రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో పద్నాలుగు నమూనాలు చెలామణిలో ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని చెప్పింది. నమూనా తేడా వేరు, తప్పు వేరు. ఇరవై రూపాయల బిళ్ళ వచ్చాక ఇంకో గందరగోళం: పదిలో పసుపు బయట, తెలుపు లోపల. ఇరవైలో తెలుపు బయట, పసుపు లోపల. పన్నెండు పలకలున్నాయా లేదా చూస్తే తేలిపోయే సంగతి ఇది.

పదిలో నడిమి ముక్క ఊడిన బిళ్ళలు ఎక్కువగా సుత్తికి ఊడినవే. బయటి పసుపు ఉంగరం లోపలి అంచున పట్టు గీతలు శుభ్రంగా, గుండ్రంగా ఉంటే ముక్క ఉండగానే అచ్చు పడిందని అర్థం. నడిమి ముక్క లేకుండానే కొట్టి ఉంటే ఆ దెబ్బకి ఉంగరం లోపలి అంచు ఖాళీలోకి పారి, చిల్లు వంకరపోతుంది. ముక్క కొంచెం పక్కకి ఒరిగినట్టు కనిపించడం ఈ బిళ్ళల్లో పెద్ద వింత కాదు. పసుపు ఉంగరం మీదకి తెల్ల లోహం పొంగి, నమూనా రెండింటి మీదా తెగకుండా సాగితేనే చూడాల్సినది.

కొలత గురించి కూడా ఒక మాట. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011 వరస రెండు రూపాయల బిళ్ళ కొలతలూ అవే. బస్సు కండక్టర్లు ఈ రెండింటితో ఎన్ని మాటలు పడ్డారో! రెండు రూపాయల అచ్చు రూపాయి బిళ్ళ మీద పడిందని ఎవరైనా పాత రూపాయి పక్కన పెట్టి చూపిస్తే, రెండూ సమానంగా ఉండటం రుజువు కాదు. 2011 వరస రూపాయి సుమారు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. పోల్చాల్సింది దానితో.

పరీక్షకి కావలసినవి తక్కువ: పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, చిన్న అయస్కాంతం, పక్క నుంచి పడే వెలుతురు. బరువుకి బంగారం కొట్లో వాడే కాటా లాంటిది, గ్రాములో నూరో వంతు చూపేది, ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతుంది. 2011 వరసలో ఐదు రూపాయల పసుపు బిళ్ళ 6 గ్రాములు, పది రూపాయలది 7.71 గ్రాములు. అరుగుదలకి కొంచెం తగ్గుతుంది, పెరగదు. పక్కన అదే సంవత్సరం మామూలు బిళ్ళ ఒకటి పెట్టుకుంటే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

అమ్మే దగ్గరికి వస్తే, వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు, పది రూపాయల బిళ్ళలకి లక్షలు ఇస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని వచ్చే ఫోన్లు ఒక రకం మోసం. అవి స్మారక నాణేలే, మామూలుగా చెలామణిలోకి వచ్చినవే. తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేల బేరాల్లో కమీషన్లు, పన్నులు అడిగేవాళ్ళతో తనకి ఏ సంబంధమూ లేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో హెచ్చరించింది. వైసులో బిగించి, ఆమ్లంలో ముంచి తప్పులు తయారుచేసేవాళ్ళ పనీ నేరమే. 2011 నాణేల చట్టం నాణేన్ని కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని నిషేధించింది. చెక్కేసిన బిళ్ళ చెల్లుబాటు కూడా పోతుంది.

ఇక గల్లాపెట్టె లెక్క. బెల్లం రంగు ఐదు రూపాయలు కిలుం, అది మళ్ళీ గల్లాలోకే. అంకె పోయిన రెండు రూపాయలు గ్రీజు నిండిన అచ్చు అయితే దాచుకోవచ్చు, ఆశ పెట్టుకోనక్కర్లేదు. పది రూపాయల బిళ్ళ మామూలుదే, ఎవరు వద్దన్నా చెల్లుతుంది. చంద్రవంక రూపాయిని మాత్రం ఎదురు అంచు చూసేదాకా ఎవరికీ చిల్లరగా ఇవ్వకూడదు. అడుగున పావలా ఒకటి మిగిలి ఉంటే, 2011 జూన్ 30తో అది చెలామణి లోంచి పోయింది. అర్ధరూపాయి మాత్రం ఏ కొట్టువాడూ తీసుకోకపోయినా చట్టం లెక్కలో ఇంకా చెల్లుతూనే ఉంది.